నీళ్లెక్కువైతే అలిగే హరివిల్లు

మే మూడోవారం వచ్చిందంటే చాలు, న్యూజెర్సీ రాష్ట్రంలోని మాంట్‌క్లెయిర్‌లో అప్పర్ మౌంటెన్ అవెన్యూ మీద వెళ్లే కార్లు ఒకచోట వాటంతటవే నెమ్మదిస్తాయి. రోడ్డు పక్కన కొండవాలులో, పచ్చటి గడ్డిమీద హరివిల్లును ఎవరో వంచి పడుకోబెట్టినట్లు ఓ పూలతోట. నీలం, ఊదా, పసుపు, తెలుపు, గులాబీ, కాషాయం, దాదాపు నల్లగా కనిపించే ముదురు వంగపండు రంగు... దగ్గరికెళితే సన్నటి తీపి వాసన. ఇన్ని రంగులూ ఒకే జాతి పువ్వువి. దాని పేరు ఐరిస్.

గ్రీకు పురాణాల్లో హరివిల్లు దేవత పేరది. పువ్వును చూశాక ఆ పేరెందుకు పెట్టారని ఎవరూ అడగరు. అయితే చిన్న తిరకాసు ఉంది. ఎన్నో ఏళ్లుగా ఎందరు సంకరం చేసినా హరివిల్లులోని అసలుసిసలు ఎరుపు మాత్రం ఈ పువ్వుకి ఇంకా రాలేదు. ఇటుకరంగు దాకా వచ్చి ఆగిపోయింది!

ప్రెస్బీ మెమోరియల్ ఐరిస్ గార్డెన్స్ అనే ఈ తోటలో 10,000కు పైగా ఐరిస్ మొక్కలున్నాయి. రకాలే 1,500 పైచిలుకు. మే రెండోవారం నుంచి జూన్ మొదటివారం దాకా ముఖ్యమైన సీజన్. ఆ నాలుగు వారాల కోసమే మిగతా 48 వారాలూ ఇక్కడ పని జరుగుతుంది.

మన పాఠకుల్లో చాలామందికి న్యూజెర్సీ కొత్తకాదు. పిల్లలు ఎడిసన్‌లోనో ఆ చుట్టుపక్కలో ఉంటారు. ఎండలు ముదిరే వేళకి ఇక్కడ తలుపులకు తాళం వేసి ఆర్నెల్లకని అమ్మానాన్నలు అక్కడికి వెళతారు. బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకన్న దర్శనం, లిబర్టీ విగ్రహం, నయాగరా... ఆ తర్వాత వారాంతాల్లో ఎక్కడికెళ్లాలో తోచదు. అలాంటి వాళ్లకి ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద, ట్రాఫిక్ లేకపోతే గంటలోపు ప్రయాణం ఈ తోట. చూసొచ్చాక ఊరుకోలేరు. మన పెరట్లోనూ ఓ నాలుగు మొక్కలు పెడదామంటారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది!

ఆకులే ఆకులు

పెరట్లో పెట్టిన ఐరిస్ మొదటి ఏడాది పూస్తుంది. రెండో ఏడాదీ పూస్తుంది. నాలుగో ఏడాదికి ఆకులు కత్తుల్లా నిటారుగా, నిగనిగలాడుతూ పెరుగుతాయి. పువ్వు మాత్రం ఉండదు. లేదంటే ఓ రోజు పొద్దున్నే మొక్క మొదలుకంటా వాలిపోయి ఉంటుంది. పట్టుకుంటే చేతిలోకి ఊడివస్తుంది, భరించలేని కంపు. ఇంటికొచ్చిన పెద్దలు ఉదయం సాయంత్రం పైపు పట్టి తడిపారు, మొదట్లో మట్టి ఎగదోశారు, ఎరువు వేశారు. ఏ లోటూ చేయలేదు. చిక్కంతా అదే. మల్లెకి, మందారానికి పనికొచ్చే ఆ శ్రద్ధే ఐరిస్‌కి చేటు.

ప్రెస్బీ తోటను చూస్తే ఈ సంగతి కాస్త అర్థమవుతుంది. అది కొండవాలు. ఎంత వాన పడినా నీరు నిలవదు, కిందికి జారిపోతుంది. ప్రధాన మడులకు అడ్డంగా చెట్ల నీడ లేదు. పూల కాలం తర్వాత వెళ్లినవాళ్లకి మడుల్లో దుంపలు సగం బయటపడి కనిపిస్తాయి. పాపం మట్టి కొట్టుకుపోయిందే అనుకుంటారు. కాదు, అలాగే నాటాలి.

ఈ పూల తోట వెనక ఒక తీరని కోరిక ఉంది. ఫ్రాంక్ ప్రెస్బీ మాంట్‌క్లెయిర్ వాసి. ఐరిస్ అంటే ప్రాణం. రకరకాల మొక్కలు సేకరించేవాడు, స్వయంగా సంకరం చేసేవాడు. 1920లో ఏర్పడిన అమెరికన్ ఐరిస్ సొసైటీ స్థాపకుల్లో ఒకడు. తన పూలను ఊరికి ఇవ్వాలని, మౌంటెన్‌సైడ్ పార్కులో తోట వేయించాలని అనుకున్నాడు. ఆ పని జరక్కముందే 1924లో చనిపోయాడు. ఊరివాళ్లు మాత్రం వదల్లేదు. 1927లో ఆయన పేరుమీద తోట మొదలైంది. దాన్ని నెత్తిన పెట్టుకున్నది బార్బరా వాల్థర్. ఆమె ఇల్లు తోటను ఆనుకునే ఉండేది. ఏడాదీ రెండేళ్లూ కాదు, దాదాపు 50 ఏళ్లు ఆమె ఈ మడుల బాగోగులు చూసింది. ఆ ఇల్లు ఇప్పటికీ వాల్థర్ హౌస్ అనే పేరుతో అక్కడే ఉంది. ఇప్పుడు తోటను చూసుకునేది పౌర కమిటీ, వాలంటీర్లు.

అరటిచెట్టుకు చుట్టం

ఐరిస్ ఎందుకు పూయడం మానేస్తుందో తెలియాలంటే అరటిని గుర్తుచేసుకుంటే చాలు. అరటి ఒకసారే గెల వేస్తుంది. ఆ తర్వాత బతికేది పిలకలే. ఐరిస్ దుంపదీ అదే పద్ధతి. ఒకసారి పూసిన దుంప మళ్లీ జన్మలో పూయదు. దాని పక్కల నుంచి పుట్టిన పిల్ల దుంపలు పెరిగి పూస్తాయి. వాటికి మళ్లీ పిల్లలు. నేలలో అల్లంలా పక్కలకి కొమ్ములు వేసుకుంటూ పోతుంది. మూడు నాలుగేళ్లయ్యేసరికి నడుమంతా ముసలి దుంపల కుప్ప, పూసే ఓపికున్న కుర్ర దుంపలకి చోటుండదు. ఆకులు దట్టమై గాలి ఆడదు. తేమ ఆరదు. పూలు తగ్గి, తెగులు పెరుగుతుంది.

అందుకే మూడు నాలుగేళ్లకోసారి కుదురు మొత్తం తవ్వి విడదీయాలి. పూలయిపోయిన ఆరు వారాల తర్వాత, అంటే న్యూజెర్సీలో జులై, ఆగస్టు ఆ పనికి మంచి అదను. మండువేసవిలో మొక్కను పీకడమేమిటని మనవాళ్లకి మనసొప్పదు. ఐరిస్ ఆ ఎండల్లో ఒక కునుకు తీస్తుంది. తవ్వినా పట్టించుకోదు. ముసలి దుంపల్ని పారేసి, ఒక ఆకుల విసనకర్ర, గట్టి వేళ్లు ఉన్న పిల్ల దుంపల్ని ఉంచుకోవాలి. ఆకుల్ని మూడోవంతుకు కత్తిరించాలి. తెగిన చోట ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచినా ఏమీ కాదు. పచ్చి గాయంతో తడిమట్టిలో పెట్టడమే ప్రమాదం.

ఇక నాటడం. చెరువులో దిగిన గేదెను చూశారుగా? ఒళ్లంతా నీళ్లలో ఉన్నా వీపు మాత్రం పైకే ఉంటుంది. ఐరిస్ దుంప అలా కూర్చోవాలి. గుంత తీసి, మధ్యలో చిన్న మట్టి గట్టు పోసి, దాని మీద దుంపను అడ్డంగా పెట్టి, వేళ్లను రెండు వైపులా కిందికి పరచాలి. వేళ్ల మీద మట్టి కప్పి గట్టిగా అదమాలి. దుంప వీపు మాత్రం ఎండకి ఉండాలి. పసుపు కొమ్ములా లోతుగా పాతిపెడితే బతుకుతుందేమో కానీ పూయదు. ఎక్కడ బాగా వేడెక్కుతుందో, అక్కడ మట్టిని పల్చగా కప్పితే సరిపోతుంది. మొక్కకీ మొక్కకీ అడుగు నుంచి అడుగున్నర ఎడం. కొత్తలో వెలితిగా కనిపిస్తుంది. దగ్గరదగ్గరగా పెడితే మొదటి మే నెలలో తోట నిండుగా ఉంటుంది, కానీ తవ్వుడు పని రెండేళ్లకే వచ్చి పడుతుంది.

ఎండ రోజుకి ఆరుగంటలు తగలాలి. ఒకప్పుడు బాగా పూసిన మడి ఈమధ్య పూయడం లేదంటే తలెత్తి చూడాలి. పదేళ్ల కిందట మోకాలెత్తున్న మేపుల్ మొక్క ఇప్పుడు చెట్టయి ఉంటుంది. అప్పుడు మందులూ ఎరువులూ దండగ. దుంపల్ని తవ్వి ఎండలోకి మార్చడమే.

నీళ్ల విషయంలో పిసినారితనం పనికొస్తుంది. కొత్తగా నాటినప్పుడు వేళ్లు పట్టేదాకా కొన్ని వారాలు తడపాలి. ఆ తర్వాత న్యూజెర్సీ వానలే దానికి ఎక్కువ. అమెరికా ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఇంటి ముందు గడ్డికోసం పెట్టిన స్ప్రింక్లర్లు పక్కనే ఉన్న ఐరిస్‌నీ రోజూ తడిపేస్తాయి. గడ్డికి చల్లే ఎరువులో నత్రజని ఎక్కువ. అది ఐరిస్ మొదట్లో పడిందా, ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది, దుంప మెత్తబడి తెగుళ్లకి స్వాగతం చెబుతుంది. ఎరువు వేయాలనుకుంటే నత్రజని తక్కువున్నది, వసంతం మొదట్లో ఒకసారి, పూలయ్యాక ఒకసారి, కొద్దికొద్దిగా, దుంపకి తగలకుండా చుట్టూ వేయాలి. అక్కడి పూలమడుల్లో అలవాటుగా పరిచే చెక్కపొట్టు కూడా దీని మీదికి రాకూడదు. కప్పితే తేమ నిలుస్తుంది, తేమ నిలిస్తే కుళ్లు.

ఒక లాభం మాత్రం ఉంది. న్యూజెర్సీ పెరళ్లలో వంగ, చిక్కుడు, గులాబీ... దేన్నీ బతకనివ్వని జింకలు సాధారణంగా ఐరిస్ జోలికి రావు. అవి ముట్టనిది మనమూ ముట్టకూడదు. దుంప అచ్చం అల్లంలా ఉంటుంది కానీ తింటే కడుపులో వికారం, వాంతులు. చిన్నపిల్లలు, పెంపుడు కుక్కలు ఉన్న ఇళ్లలో తవ్వినప్పుడు జాగ్రత్త.

గులాబీరంగు దొంగ

వరి రైతుకి కాండం తొలుచు పురుగు ఎంతో, అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఐరిస్ పెంచేవాళ్లకి దుంప తొలిచే పురుగు అంత. శరదృతువులో గోధుమరంగు రెక్కపురుగు ఎండుటాకుల మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్లు మంచులో, గడ్డకట్టే చలిలో నెలల తరబడి అలాగే ఉండి వసంతంలో పొదుగుతాయి. వెంట్రుకంత పిల్లపురుగు ఆకుకి సూదిమొనంత చిల్లు పెట్టి లోపలికి దూరుతుంది. ఆకు పొరల మధ్యే తింటూ, కొద్దికొద్దిగా కిందికి దిగుతూ, జులై నాటికి దుంపలోకి చేరుతుంది. అప్పటికది గులాబీరంగులో, చిటికెన వేలంత లావెక్కి ఉంటుంది. దుంపను డొల్ల చేస్తుంది. ఆ గాయంలోంచి బ్యాక్టీరియా దూరితే దుంపకుళ్లు. ముందు చెప్పిన కంపు దానిదే.

ఈ దొంగను పట్టడానికి రెండు అదనులున్నాయి. మొదటిది, ఆకులు ఎండిపోయాక చలికాలంలోగా, ఆలస్యమైతే వసంతం తొలిరోజుల్లో గుడ్లు పొదగకముందు పాత ఆకులన్నిటినీ ఏరి చెత్తబుట్టలో వేయడం. ఎరువు గుంతలో వేస్తే గుడ్లని దాచిపెట్టినట్లే. రెండోది మే నెల. ఆకు మీద సన్నటి తడిగీత, అంచుల్లో కొరికిన గుర్తు కనిపిస్తే అక్కడ రెండు వేళ్లతో గట్టిగా నొక్కుతూ పోతే లోపలి పురుగు చస్తుంది. మందులున్నాయి, కాకపోతే పురుగు ఆకులోకి దూరకముందే కొట్టాలి. ఆలస్యంగా కొట్టిన మందు తేనెటీగలకే హాని.

అప్పటికే కుళ్లు పట్టి ఉంటే? దుంపను తీసి, మెత్తబడిన భాగాన్ని గట్టి కండ కనిపించేదాకా చెక్కేయాలి. ఒకపాలు బ్లీచ్, తొమ్మిదిపాళ్లు నీళ్లు కలిపి అందులో ముంచి, ఎండలో ఆరబెట్టి వేరేచోట నాటాలి. ఒక కుదురుకీ ఇంకో కుదురుకీ మధ్య కత్తిని కూడా ఆ నీళ్లలోనే ముంచాలి. ఆకుమచ్చ తెగులు అంత ప్రమాదం కాదు. మచ్చలున్న మేరకు కోసేసి, గాలి ఆడేలా చూస్తే తగ్గుతుంది.

టెంక పెడితే బంగినపల్లి రాదు

పెరట్లో నాలుగు దుంపలు కుళ్లితే మళ్లీ కొనుక్కోవచ్చు. ప్రెస్బీ లాంటి తోటకి ఆ వెసులుబాటు లేదు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే వస్తుందన్న నమ్మకం ఉండదు, అంటు కట్టాల్సిందే. ఐరిస్ కూడా అంతే. విత్తనం వేస్తే మరో కొత్త మొక్క వస్తుంది. పాత పేరున్న రకం బతకాలంటే దాని దుంప నుంచి దుంపను తీసుకుంటూ పోవాలి. 1844లో ఫ్రాన్స్‌లో లెమాన్ అనే ఆయన విడుదల చేసిన మదామ్ షెరో అనే రకం ఉంది. తెల్లటి రేకులకి నీలం జరీ అంచు. ఇవాళ ఎక్కడైనా ఆ పువ్వు విరిసిందంటే దాని దుంపను మొదటి నుంచీ ఎవరో ఒకరు మూడు నాలుగేళ్లకోసారి తవ్వి, విడదీసి, మళ్లీ నాటుతూ వచ్చారన్నమాట. ఎక్కడ ఆ చేయి ఆగితే అక్కడితో ఆ గొలుసు తెగేది.

ప్రెస్బీలో కొన్ని రకాల మూలాలు 1500ల నాటివి. మడుల్లో మొక్కల దగ్గర చిన్న పలకల మీద రకం పేరు, దాన్ని సృష్టించినవాళ్ల పేరు, సంవత్సరం ఉంటాయి. హడావుడిగా ఫొటోలు తీసుకునేవాళ్లు వాటిని దాటుకుంటూ పోతారు కానీ, ఆ తోటలో పూలకన్నా విలువైనవి అవే. పలక పోతే పువ్వు అనాథ అవుతుంది. ఒకే రకానికి పది పేర్లు, ఒకే పేరుకి పది రకాలు... ఆ గందరగోళం తీర్చడం కూడా అమెరికన్ ఐరిస్ సొసైటీ పెట్టుకోవడానికి ఓ కారణం. 30 ఏళ్లు దాటిన రకాల్ని కాపాడటానికి హిస్టారిక్ ఐరిస్ ప్రిజర్వేషన్ సొసైటీ విడిగా ఉంది. కొత్త రకాలు వందలకొద్దీ వస్తుంటే పాతవాటిని తోటమాలులు తేలిగ్గా తీసేస్తారు. కొత్తది పెద్దగా, రేకులు ముడతలు ముడతలుగా, కళ్లు చెదిరేలా ఉంటుంది. పాతది చిన్నది, నాజూకుది. మంచి ఎండలో రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం పాతవైపే మొగ్గే కళ్లు చాలా ఉంటాయి.

పువ్వు తీరు కూడా తమాషాగా ఉంటుంది. మూడు రేకులు పైకి లేచి గుమ్మటంలా దగ్గరికి చేరతాయి. మూడు కిందికి జారి పైటకొంగులా వేలాడతాయి. జారిన రేకు మీద మెత్తటి నూగు గీత ఉంటుంది. దాన్నే గడ్డం అంటారు. తేనెటీగకి లోపలికి దారి చూపే గుర్తది. ఒక్కో పువ్వు ఆయుష్షు రెండు మూడు రోజులే. కానీ కాడకి అనేక మొగ్గలుంటాయి. ఒకటి వాడేలోపు ఇంకోటి విచ్చుకుంటుంది. సీజన్‌లో లక్షకు పైగా పూలు పూసే ఈ తోటలో వాడిన పువ్వులన్నీ ఎక్కడికి పోతున్నట్లు? వాలంటీర్లు వచ్చి ఒక్కోటీ చేత్తో తుంచుతారు. సిరా మరకలంటినట్లు వాళ్ల వేళ్లు ఊదారంగుకి తిరుగుతాయి.

ప్రధాన మడుల వెనక ఓ చిన్న వాగుంది. దాని వెంబడి జపనీస్, సైబీరియన్, లూసియానా ఐరిస్‌లు ఉంటాయి. వీటికి గడ్డం ఉండదు. వీటి స్వభావం వేరు. ముఖ్యంగా జపనీస్, లూసియానా రకాలకి తేమ కావాలి. పైన చెప్పిన పిసినారితనం వాటి దగ్గర చూపిస్తే ఎండిపోతాయి. కాబట్టి నర్సరీలో ఐరిస్ అడిగితే సరిపోదు, ఏ ఐరిస్సో కనుక్కోవాలి. కుండీలో పలక లేకపోతే కొనకపోవడం మంచిది.

మనకి పూస్తుందా?

అక్కడ పెంచుకున్నారు సరే, వచ్చేటప్పుడు సూట్‌కేసులో రెండు దుంపలు పడేసుకుని వద్దామనుకుంటే కుదరదు. నాటే దుంపల్ని మనదేశంలోకి తేవాలంటే ముందస్తు అనుమతి, అక్కడి అధికారులు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. దుంప తొలిచే పురుగును చూశాక ఆ నిబంధన ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఒకవేళ తెచ్చినా గడ్డం ఐరిస్‌కి పూమొగ్గ కట్టాలంటే వారాల తరబడి గట్టి చలి కావాలి. విజయవాడలో, వరంగల్‌లో అంత చలి ఎక్కడిది? పైగా జులై నుంచి మన ముసురు. దుంప వీపు ఆరే వీలుండదు.

మనదేశంలో ఐరిస్ కావాలంటే కశ్మీర్ వెళ్లాలి. ఏప్రిల్‌లో అక్కడి పాత సమాధుల చుట్టూ తెల్లవి, ఊదావి ఎవరి ప్రమేయం లేకుండా విరగబూస్తాయి. ఎవరూ నీళ్లు పోయరు, ఎరువు వేయరు! మన మైదానాల్లో ముచ్చట తీర్చుకోవాలంటే బ్లాక్‌బెర్రీ లిల్లీ ఉంది. నారింజరంగు రేకుల మీద ఎర్రటి చుక్కలు. చాలాకాలం వేరే జాతిగా లెక్కేసిన ఈ మొక్కను జన్యు పరీక్షల ఆధారంగా 2005లో శాస్త్రవేత్తలు ఐరిస్ జాతిలోకి తెచ్చారు. వేడిని తట్టుకుంటుంది, విత్తనంతోనూ వస్తుంది. చూపులకి ప్రెస్బీ పూలతో పోలికే లేదు, చుట్టరికం మాత్రం నిజం.

న్యూజెర్సీలో ఉన్నవాళ్లు తోటకి వెళ్లాలంటే మే 20 తర్వాత వారం పనిరోజుల్లో, ఉదయాన్నే వెళ్లడం మేలు. ఆ వేళకి ఎండ ఏటవాలుగా పడి రేకుల్లోంచి రంగు వెలుగుతుంది, వాసన కూడా అప్పుడే తెలుస్తుంది. మాంట్‌క్లెయిర్ దాకా రైలుంది. ఆ ఏడాది చలి ఎక్కువైతే పూలు వారం అటూఇటూ అవుతాయి కాబట్టి బయల్దేరేముందు కనుక్కోవాలి. దుంపలు కావాలంటే జులై, ఆగస్టుల్లో స్థానిక ఐరిస్ సొసైటీలు తవ్వగా మిగిలినవాటిని అమ్ముతాయి. ఆగస్టులో నాటింది అన్నీ కుదిరితే మరుసటి మేలో పూస్తుంది, కొన్ని ఇంకో ఏడాది ఆగుతాయి. ఆర్నెల్ల వీసా మీద వెళ్లి నాటినవాళ్లు పూసేనాటికి ఇక్కడికి వచ్చేసి ఉంటారు. పువ్వు ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే... ‘‘పాత ఆకులు ఏరేశారా?’’